సుత్తి దెబ్బకు ఆరిపోయే డైవ్ కంప్యూటర్: సాగర్ నుంచి వచ్చిన ఒక కేసు

నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర నా దుకాణం. చేతి గడియారాలు, గోడ గడియారాలు, అప్పుడప్పుడు బీపీ మిషన్లు, కారు తాళాల రిమోట్లు వస్తుంటాయి. సముద్రమే లేని జిల్లాలో డైవ్ కంప్యూటర్ (నీళ్లలో దిగేవాళ్లు చేతికి కట్టుకునే మిషన్) రిపేరేంటని తోటి మెకానిక్కులే నవ్వుతారు. కానీ నాగార్జునసాగర్ డ్యామ్ ఉన్నచోట డైవర్లు ఉండకుండా ఎలా ఉంటారు? గేటు ముందు స్టాప్‌లాగ్ (నీళ్లు ఆపే తాత్కాలిక అడ్డుపలక) దించుతుంటే కింద దుంగ అడ్డుపడినా, ట్రాష్ ర్యాక్‌కు (చెత్తను ఆపే ఇనుప జాలికి) చెత్త పట్టుకున్నా, గేటు అంచు రబ్బరు సీలు చిరిగిందేమో చూడాలన్నా ఎవరో ఒకరు నీళ్లలోకి దిగాల్సిందే. వాళ్లలో కొందరి చేతికి ఈ మిషన్ ఉంటుంది. పాడైతే చెన్నైకో పుదుచ్చేరికో పంపాలి. అందుకే ముందు నాలాంటివాడి దగ్గరికి వస్తారు.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. పైకి చూస్తే ఇది సెల్లు మార్చే పని. గడియారాల వాడికి రోజుకు ఎన్నో తగిలే పని. కానీ ఇక్కడ సెల్లు తీసిన క్షణంలో పోయేది టైమ్ ఒక్కటే కాదు, మనిషి ఒంట్లో ఎంత నైట్రోజన్ మిగిలిందన్న లెక్క కూడా పోతుంది. ఈ ముక్క తెలియక ఎవరో చేసిన చేతిపని వల్లే ఈ కేసు పుట్టింది.

వచ్చిన వస్తువు సుంటో జూప్. నోవో కాదు, దానికి ముందు వచ్చిన రకం. ఫిన్లాండ్ కంపెనీది. చేతికి కట్టుకునే గుండ్రటి లావుపాటి మిషన్, మూడు బటన్లు. పని సూటిగా చెప్పాలంటే ఇంతే: నీటి ఒత్తిడిని సెన్సార్‌తో చూసి లోతు చెబుతుంది. ఎంత లోతులో ఎంతసేపు ఉన్నారో చూసుకుంటూ, పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఎంత కరిగిందో లెక్క కడుతుంది. ఇంకెన్ని నిమిషాలు ఈ లోతులో ఉండొచ్చో చూపిస్తుంది. పైకి తొందరగా వస్తుంటే అరుస్తుంది. ఆ నిమిషాలు మించి ఉండి పైకి వచ్చినా, తొందరగా పైకి వచ్చినా ఆ నైట్రోజన్ బుడగలై కీళ్లలో, నరాల్లో, ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటుంది. అదే డికంప్రెషన్ జబ్బు.

తెచ్చిన కుర్రాడు కాంట్రాక్టర్ కింద పనిచేసే డైవర్. హాలియా మీదుగా బండి మీద వచ్చాడు.

"అన్నా, పోయిన నెలనే సెల్లు ఏయించిన. మళ్ల బ్యాటరి గుర్తు చూపెడుతున్నది. నీళ్ల లోపల సుత్తెతోని కొడుతుంటె తెర మొత్తం పోతది, మళ్ల దానంతట అదే వస్తది. రేపు పొద్దుగాల దిగేది ఉన్నది, గిప్పుడే మార్చి ఇయ్యి."

"చివరిసారి ఎప్పుడు దిగినవ్ తమ్మీ?"

"ఇయ్యాల పొద్దుగాలనే. రెండుసార్లు."

ఈ ప్రశ్న అడగకుండా డైవ్ కంప్యూటర్ మూత తెరవకూడదు. గడియారాల పనిలో ఇలాంటి ప్రశ్నే ఉండదు కాబట్టి మనకు అది నోటికి రాదు. సెల్లు ఏ సైజు, మూత మరదా నొక్కుడుదా అని మన బుర్ర పోతుంది. ఈ మిషన్ మాన్యువల్ మాత్రం స్పష్టంగా చెబుతుంది: సెల్లు తీస్తే నైట్రోజన్, ఆక్సిజన్ లెక్క మొత్తం పోతుంది. కాబట్టి తెర మీద కనిపించే విమానం ఎక్కకూడని గడువు (డైవ్ తర్వాత, గాలి ఒత్తిడి తక్కువుండే ఎత్తుకు పోకుండా ఆగాల్సిన గంటలు) సున్నాకు వచ్చాకే మార్చాలి, లేదా మళ్లీ దిగేముందు 48 గంటలు, వీలైతే 100 గంటలు ఆగాలి.

ఈ 48 ఎందుకో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఈ మిషన్ నైట్రోజన్‌ను లెక్కకట్టే పద్ధతి పేరు సుంటో ఆర్‌జీబీఎం. ఆ లెక్కలో ఒంటిని తొమ్మిది రకాల కణజాలాలుగా విడదీస్తారు. రక్తం బాగా ఆడేది 2.5 నిమిషాల్లో సగం నిండుతుంది, సగం ఖాళీ అవుతుంది. అన్నిటికన్నా నెమ్మదైన దానికి సగం ఖాళీ కావడానికి 480 నిమిషాలు, అంటే 8 గంటలు పడుతుంది. 48 గంటల్లో అది ఆరుసార్లు సగం సగం అవుతుంది. మిగిలేది 64వ వంతు. దాదాపు ఏమీ మిగలనట్టే. సెల్లు కొత్తగా వేసిన మిషన్, ఈ మనిషి ఒంట్లో ఏమీ లేదనుకునే లెక్క మొదలెడుతుంది. ఆ అనుకోవడం నిజం కావాలంటే మనిషి అన్ని గంటలు నీళ్లకు దూరంగా ఉండాలి.

సరే, ఈ కేసులో లెక్క ముందే పోయిందా, ఇంకా ఉందా? నాకు అదే తేలాలి.

తెర మీద బ్యాటరీ గుర్తు ఉంది. అరచేతిలో పెట్టుకుని పక్కల నుంచి వేలితో తట్టాను, ఏమీ కాలేదు. బోర్లించి, పట్టీ పట్టుకుని, బల్ల మీద రబ్బరు మ్యాట్‌కు కాస్త గట్టిగా తాకించాను. తెర ఖాళీ. ఒక క్షణం ఆగి అంకెలు, గుర్తులు, గీతలు అన్నీ ఒక్కసారి నల్లగా వచ్చాయి, బీప్ కొట్టింది. సెల్లు కొత్తగా వేసినప్పుడు చేసుకునే పరీక్ష అది. అంటే నా బల్ల మీద ఆ దెబ్బకు దానికి కరెంటు పూర్తిగా తెగి, మళ్లీ అందింది. సెల్లు బలహీనపడితే గుర్తు వస్తుంది, బీప్ మందగిస్తుంది. దెబ్బకు మాత్రమే ఆరిపోతుందంటే లోపల ఏదో కదులుతోంది.

లాగ్‌బుక్ తెరిచి చూశాను. ఈ రకంలో ఒక మంచి గుణం ఉంది. సెల్లు పోయినా పాత డైవ్‌ల చరిత్ర, ఎత్తు సెట్టింగు, వ్యక్తిగత సెట్టింగు పోవు. గడియారం, అలారం పోతాయి. కాబట్టి దొంగ ఎప్పుడు వచ్చాడో లాగ్‌బుక్కే చెబుతుంది. పోయిన నెల దాకా డైవ్‌ల తేదీలు, టైములు వరుసగా బాగానే ఉన్నాయి. ఆ తర్వాతి వాటికి తేదీలు అర్థం పర్థం లేకుండా వెనక్కి పోయాయి. అంతకన్నా ముఖ్యం ఇంకోటి. ఒకే రోజు రెండు డైవ్‌లు చేస్తే వరుస నంబరు 1, 2 అని పడాలి. ఆ రోజు పొద్దున దిగిన రెండింటికీ 1 అనే ఉంది. మధ్యలో ఒడ్డున ఉన్న టైము లెక్కలోనే లేదు.

దాని అర్థం కుర్రాడికి చెప్పాను. రెండోసారి దిగినప్పుడు ఈ మిషన్ నువ్వు పొద్దున దిగనేలేదు అనుకుంది. మొదటి డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ను వదిలేసి, తాజాగా వచ్చిన మనిషికి ఇచ్చే నిమిషాలు నీకు ఇచ్చింది. లోతు తక్కువ, టైము తక్కువ కాబట్టి ఏమీ కాలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి రేపు?" అన్నాడు.

రేపటికి ఈ మిషన్ లేదన్నాను. దిగాలా వద్దా అన్నది నేను చెప్పే మాట కాదు, నేను డైవర్ను కాదు. సూపర్‌వైజర్‌తో మాట్లాడుకో, లోతు మీటరు, గడియారం, డైవ్ టేబుల్ (ఏ లోతులో ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెప్పే పట్టిక) పట్టుకుని లెక్క రాసుకునే పద్ధతి మీ దగ్గర ఉంటది కదా అన్నాను. ఉందట. మిషన్ వచ్చాక దాన్ని మర్చిపోయారట.

మూత తెరవడం

వెనక బ్యాటరీ మూత మామూలుగా పారదర్శకంగా ఉంటుంది. తేమ చేరితే పైనుంచే కనిపించాలని కంపెనీ అలా చేసింది. ఈ మిషన్‌కు మాత్రం మూత అంచు చుట్టూ పసుపుపచ్చ పొర కట్టి మసకబారింది. ఐ-గ్లాస్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూస్తే పంక్చర్ షాపుల్లో వాడే రబ్బరు సొల్యూషన్. నీళ్లు పోకూడదని పాపం బాగానే పూశారు.

ముందు మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద బాగా ఆరనిచ్చాను. మూత చుట్టూ తడి ఉండగా తెరిస్తే ఆ తడి లోపలికే పోతుంది. మూతను పట్టి ఉంచే రింగును కిందికి నొక్కి, గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పితే ఊడుతుంది. మనకు అలవాటైన మరకు ఇది ఎదురు. తెలియనివాళ్లు రెండో వైపు బలం పెట్టి రింగు పన్ను విరగ్గొడతారు. దీని పన్ను ఒకటి అప్పటికే సగం చెక్కుకుపోయి ఉంది.

మూత ఓ-రింగ్‌తో (నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగుతో) కలిసి వస్తుంది. ఒక అంచు వేలితో నొక్కి, ఎదుటి అంచు గోటితో లేపాలి. స్క్రూడ్రైవర్ మొన పెట్టకూడదు. ఓ-రింగ్ కూర్చునే గోడకు వెంట్రుక మందం గీత పడినా అక్కడ నీళ్లకు దారి దొరుకుతుంది. సొల్యూషన్ అంటుకుని ఉండటం వల్ల ఇది గోటికి లొంగలేదు. చీపురు పుల్ల చివర చెక్కి, దానితో చుట్టూ కొంచెం కొంచెం లేపుకుంటూ వచ్చాను. గడియారాల పనిలో చీపురు పుల్లను మించిన పనిముట్టు లేదు. గట్టిగానే ఉంటుంది, ప్లాస్టిక్‌ను గీరదు, పోతే ఇంకోటి.

లోపల చూడగానే సంగతి తెలిసిపోయింది. అక్కడ ఉండాల్సింది సీఆర్2450. ఉన్నది సీఆర్2032. దాని మీద సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడతలు మడతలుగా పెట్టి ఉంది.

సెల్లు పేరులోనే కొలతలుంటాయి. సీ అంటే లిథియం మాంగనీస్ డయాక్సైడ్ రకం, ఆర్ అంటే గుండ్రం. 24 అంటే వెడల్పు 24 మిల్లీమీటర్లు, 50 అంటే మందం 5.0. అలాగే 2032 అంటే 20 వెడల్పు, 3.2 మందం. రెండూ 3 వోల్టులే కాబట్టి మిషన్ మేలుకుంటుంది, తెర వస్తుంది, గిరాకీ సంతోషంగా పోతాడు. కానీ పక్కలకు 4 మిల్లీమీటర్ల ఖాళీ, పైన 1.8 మిల్లీమీటర్ల ఖాళీ. లోపలి క్లిప్పు 24 సెల్లు కోసం చేసింది, 20 సెల్లును ఏం పట్టుకుంటుంది? ఆ ఖాళీని వెండి కాగితం మడతలు నింపుతున్నాయి. సుత్తితో ఇనుము మీద కొట్టినప్పుడల్లా మడత అణిగి సెల్లు జరుగుతోంది, కాంటాక్ట్ క్షణంపాటు తెగుతోంది. ఆ క్షణం చాలు, లెక్క చెరిగిపోవడానికి.

బ్యాటరీ గుర్తు ఎందుకు వచ్చిందన్నది రెండో ముచ్చట. మంచి 2450లో సుమారు 600 మిల్లీ ఆంపియర్ గంటల శక్తి ఉంటుంది, 2032లో 220 దాకా. మూడో వంతు చిల్లర. పైగా సన్నటి సెల్లు లోడు పడితే తొందరగా కుంగుతుంది. మల్టీమీటర్‌తో ఊరికే చూస్తే 2.9 వోల్టులు చూపించింది. 100 ఓమ్‌ల రెసిస్టర్ అడ్డం పెట్టి చూస్తే 2.2కు జారింది. నాణెం సెల్లును ఖాళీగా కొలిచి బాగుందనడం, ఇంట్లో కూర్చున్న ఎద్దును చూసి బలాన్ని చెప్పడం లాంటిది. లోడు పెట్టి చూడాలి. డైవ్ కంప్యూటర్‌లో ఆ లోడు బజర్. తొందరగా పైకి వస్తున్నావని అరవాల్సిన క్షణంలోనే సెల్లు కుంగుతుంది.

పాత షాపు ఏదో కుర్రాడు చెప్పాడు, ఇక్కడ రాయను. మా దగ్గర బజారులో 2450 అడిగితే దొరకదన్నది నిజం. 2032 అయితే ప్రకాశం బజార్‌లో కిరాణా కొట్టులో కూడా వేలాడుతుంటుంది. గోడ మీది రిమోట్‌కు వెండి కాగితం పెట్టి నడిపిస్తే ఎవరికీ నష్టం లేదు. ఇది రిమోట్ కాదని చెప్పేవాళ్లు ఆ షాపు అతనికి లేరంతే.

తడి లోపలికి పోయిందా అని సెల్లు కింద, స్ప్రింగ్ మొదట్లో, మూత అంచున ఐ-గ్లాస్‌తో చూశాను. పచ్చటి తుప్పు లేదు. స్ప్రింగ్ మీద పూత మెరుస్తూనే ఉంది. ఒక్కచోట, ఓ-రింగ్ గాడిలో, సన్నటి ఇసుక రేణువు ఒకటి, గుడ్డ నూలు పోగు ఒకటి ఉన్నాయి. నీళ్లు రాకపోవడం అదృష్టమే. తుప్పు కనిపించి ఉంటే అక్కడే మూసి కంపెనీ సర్వీసుకు పంపమనేవాణ్ని. నీళ్లు తాగిన బోర్డు శుభ్రం చేసి నడిపించడం నాకు చేతకాక కాదు. కానీ ఒత్తిడి సెన్సార్ ఆ తర్వాత నిజం చెబుతుందని నేను పూచీ పడలేను.

ఓ-రింగ్, దానికి ఎక్కిన సొల్యూషన్

నల్ల నైట్రైల్ రబ్బరు ఓ-రింగ్‌కు సరైనది పలచగా సిలికాన్ గ్రీజు. సొల్యూషన్‌లో ఉండే టోలుయిన్ లాంటి ద్రావకాలు నైట్రైల్‌ను ఉబ్బిస్తాయి, ఆరాక అది ముడుచుకుంటుంది. దీన్ని తీసి గాజు పలక మీద పెడితే బల్లపరుపుగా పడుకోలేదు, ఒకచోట అల తిరిగింది. కోత వైపు చూస్తే గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్క చదునుగా అణిగింది. బాగున్నా సరే, సెల్లు మార్చినప్పుడు పాత ఓ-రింగ్ పారేసి కొత్తది వేయమనే మాన్యువల్ చెబుతుంది. ఇక్కడ ఆలోచించాల్సిన పనే లేదు.

మన దగ్గర రకరకాల సైజుల ఓ-రింగ్ డబ్బాలు దొరుకుతాయి. అందులో లోపలి వెడల్పు సరిపోయేది ఒకటి కచ్చితంగా ఉంటుంది. వేస్తే మూత కూడా కూర్చున్నట్టే కనిపిస్తుంది. నేను వేయను. తీగ మందం ఒకటి రెండు పాయింట్లు ఎక్కువైతే మూత పూర్తిగా దిగదు, తక్కువైతే నొక్కుడు చాలదు. చేతి గడియారానికి వాన చినుకు ఆపితే చాలు. 30 మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద 3 కిలోల బరువు అదనంగా మోపినట్టు. అందుకని సెల్లు, మూత, ఓ-రింగ్, రింగు కలిపి వచ్చే బ్యాటరీ కిట్ పుదుచ్చేరిలోని ఒక డైవింగ్ సామాన్ల దుకాణం నుంచి తెప్పించాను. సెల్లు ఖరీదుకు ఇది ఎన్నో రెట్లు. కుర్రాడు ముందు ముఖం ముడిచాడు, తర్వాత కాంట్రాక్టర్‌తో మాట్లాడి సరేనన్నాడు. కిట్ వచ్చేదాకా మిషన్ నా దగ్గరే ఉంది. ఎలాగూ ఆగాల్సిన గంటలు అలా గడిచిపోయాయి.

సొల్యూషన్ పొర తీయడమే ఈ మొత్తం పనిలో టైము తిన్నది. థిన్నర్, అసిటోన్, పెట్రోలు, ఏదీ ముట్టించలేదు. ఆ బాడీ ప్లాస్టిక్‌కు అవి తగిలితే అప్పుడు కనిపించకపోయినా తర్వాత సన్నటి నెర్రెలు వస్తాయి. చీపురు పుల్లతో తోసి, వేలి కొసతో ఉండలు ఉండలుగా దొర్లించి తీశాను. చివరికి ఓ-రింగ్ కూర్చునే గోడ చుట్టూ వేలి గోరు తిప్పితే ఎక్కడా తగలకూడదు. కాంటాక్టుల మీద మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్ల ఒక్కసారి, ఆపై బ్లోయర్. దూది పోగు మిగిలిందేమో మళ్లీ ఐ-గ్లాస్‌తో చూడాలి.

కొత్త ఓ-రింగ్‌కు గ్రీజు అంటే వేళ్ల మధ్య లాగితే మెరుపు కనిపించేంత. తెల్లగా పేరుకునేంత పూస్తే ఆ గ్రీజే మట్టిని పట్టుకుంటుంది. గ్రీజు నీళ్లను ఆపదు. ఆపేది నొక్కుడు పడ్డ రబ్బరు. గ్రీజు పని ఆ రబ్బరు మెలిక పడకుండా జారి కూర్చునేలా చేయడం వరకే.

నీళ్ల పరీక్ష

గడియారాలకు నా దగ్గర బుడగల టెస్టర్ ఉంది. గాలి ఒత్తిడి పెట్టి, గడియారాన్ని నీళ్లలోకి దించి, ఒత్తిడి వదిలితే ఎక్కడైనా సందు ఉంటే బుడగలు వస్తాయి. డైవ్ కంప్యూటర్‌ను అందులో పెట్టను. అందులో ఒత్తిడి ఒక్కసారిగా దిగుతుంది. దాన్ని ఈ మిషన్ లోతు నుంచి రాకెట్‌లా పైకి వచ్చిన మనిషి అనుకునే ప్రమాదం ఉంది. హెచ్చరికలు పెట్టుకుని కూర్చుంటుంది.

బదులుగా ఇళ్లల్లో ఆర్‌ఓ మిషన్ ముందు బిగించే 10 అంగుళాల ఫిల్టర్ బౌల్ వాడతాను. పారదర్శకంగా ఉంటుంది, మర బిగుతు బాగుంటుంది, నీటి లైను ఒత్తిడిని తట్టుకునేలా చేసిందే. ఫ్లోరైడ్ పుణ్యమా అని నల్లగొండలో అది దొరకని గల్లీ లేదు. ఒక రంధ్రానికి డమ్మీ, రెండో దానికి గేజీ, సైకిల్ ట్యూబు వాల్వు. బౌల్ నిండా నీళ్లు పోయాలి, పైన గాలి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. గాలి నింపి ఒత్తిడి పెడితే బౌల్ పగిలినప్పుడు ముక్కలు ఎగురుతాయి. నీళ్లయితే కారి ఊరుకుంటాయి. అయినా కళ్లద్దాలు పెట్టుకునే చేస్తాను.

మొదటి పరీక్ష సెల్లు లేకుండా. సెల్లు గూట్లో పలచటి టిష్యూ కాగితం మడిచి, దాని మీద ఇంకు పెన్నుతో నాలుగు పక్కలా చుక్కలు పెట్టి, కొత్త ఓ-రింగ్‌తో మూత బిగించాను. పట్టీ విప్పి మిషన్‌ను బౌల్‌లో నిలువుగా దించి, సైకిల్ పంపుతో మెల్లగా 3 బార్ దాకా, అంటే గేజీలో 44 పీఎస్ఐ దగ్గర, నిలిపాను. అన్నం తిని వచ్చేదాకా ఆగి, మెల్లగా వదిలి, బయట బాగా తుడిచి ఆరబెట్టి తెరిచాను. ఇంకు చుక్కలు పెట్టినవి పెట్టినట్టే, అంచు చెదరకుండా ఉన్నాయి. ఒకవేళ చెమ్మ దూరి ఉన్నా సెల్లు లేదు కాబట్టి కాంటాక్టులు కాలిపోయేది కాదు, ఆరబెట్టుకునేవాణ్ని.

ఆ తర్వాత కొత్త 2450. దాన్నీ ముందు లోడు పెట్టి చూశాను. ఇనుప చిమటాతో పట్టుకోకూడదు, రెండు ముఖాలకూ తగిలితే షార్ట్ అవుతుంది. ప్లాస్టిక్ చిమటాతో, మైనస్ కిందికి, ప్లస్ ముఖం మనకు కనిపించేలా దించాలి. క్లిప్పు టక్కున పట్టుకుంది. మూతను నాలుగు వైపులా సమంగా నొక్కి, రింగు తిప్పి, పన్ను గాడిలో పడిందని చూశాను. తెర లేచి పరీక్ష చేసుకుంది. అదే రబ్బరు మ్యాట్‌కు అలాగే తాకించాను, ఇంకొంచెం గట్టిగానే. తెర చలించలేదు.

సెల్లు వేశాక ఇంకోసారి బౌల్‌లో 2 బార్ దాకా తీసుకెళ్లాను, ఈసారి మిషన్ తనంతట తాను డైవ్‌లోకి వెళ్తుందా అని. నీళ్లు తగలగానే ఏసీ అని చూపించింది, అంటే నీటి కాంటాక్ట్ పనిచేస్తోంది. గేజీ ఒక బార్ దాటుతుంటే తెర 10 మీటర్లు దాటింది. రెండూ కలిసి నడుస్తున్నాయా అన్నంత వరకే నేను చూస్తాను. కంప్రెసర్ గేజీ పెట్టి లోతు సరిగ్గా ఉందని సర్టిఫికెట్ ఇవ్వడం నా పని కాదు. ఒత్తిడి దించేటప్పుడు నిమిషానికి 10 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆపి, డైవర్ పైకి వచ్చినట్టే వచ్చాను. ఈ పరీక్షను కూడా అది నిజం డైవ్ అనుకుని లాగ్‌లో రాసుకుంటుంది, నైట్రోజన్ లెక్క వేసుకుంటుంది. ఆ గడువు సున్నా అయ్యేదాకా అలమరాలో పెట్టి, ఆ తర్వాతే ఫోన్ చేశాను. తీసేసిన 2032కు టేపు చుట్టి పాత సెల్లుల డబ్బాలో వేశాను. నాణెం సెల్లులు బల్ల మీద వదిలితే పిల్లలు మింగుతారు.

కుర్రాడి రెండో ఫిర్యాదు

తీసుకోవడానికి వచ్చినప్పుడు ఇంకో మాట అడిగాడు. "అన్నా, ఇది లోతు తక్కువ చూపెడుతదే. గేటు కింద గడప కాడ కొలిసి చెప్తె సార్లు తప్పంటరు. సెట్ చెయ్యరాదా?"

ఇది సెట్ చేసేది కాదు. సాగర్ లెక్క చూడండి. స్పిల్‌వే క్రెస్ట్ (గేట్లు కూర్చునే గట్టు) లెవెల్ 546 అడుగులు, రేడియల్ గేటు ఎత్తు 44 అడుగులు, కలిపితే నిండు జలాశయం మట్టం 590. జలాశయం నిండుగా ఉన్నప్పుడు గేటు అడుగు 44 అడుగుల లోతులో, అంటే 13.4 మీటర్లలో ఉంటుంది. డైవర్ అక్కడ చేయి పెట్టి చూస్తే తెర 13.0 దగ్గర చూపిస్తుంది. అడుగుకు పైగా తేడా. ఇంజనీరుకు అది పెద్ద తప్పే.

తప్పు మిషన్‌ది కాదు, నీళ్లది. మిషన్‌కు లోతు కనిపించదు, ఒత్తిడే కనిపిస్తుంది. దాన్ని ఈఎన్ 13319 ప్రమాణం ప్రకారం ఉప్పునీటికి తగ్గట్టు మీటర్లలోకి మారుస్తుంది. కృష్ణ నీళ్లు సముద్రపు నీళ్లకన్నా తేలిక, కాబట్టి అదే లోతులో ఒత్తిడి తక్కువ. మంచినీళ్లలో రీడింగు సుమారు 3 శాతం తక్కువ వస్తుందని మాన్యువల్‌లోనే ఉంది. నైట్రోజన్ లెక్కకు దీనివల్ల నష్టమేమీ లేదు, ఒంటికి కావాల్సింది ఒత్తిడే కదా. సార్లకు రాసిచ్చేటప్పుడు మాత్రం తెర మీది అంకెకు 3 శాతం కలిపి రాయి, లేదంటే గుర్తులు కట్టిన తాడు పట్టుకుని కొలువు అన్నాను. తాడే మంచిదని నా అభిప్రాయం.

ఎత్తు సెట్టింగు గురించి కూడా అడిగాడు, శ్రీశైలం పని కూడా వస్తుందట. సాగర్ 590 అడుగులంటే 180 మీటర్లు, శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులంటే 270 మీటర్లు. 300 మీటర్ల లోపు ఏ0 అనే సెట్టింగు సరిపోతుంది. రెండుచోట్లా మార్చక్కర్లేదు. కానీ శ్రీశైలంలో దిగి, అదే రోజు హైదరాబాద్ వైపు బయలుదేరితే నల్లమల ఎక్కాలి. విమానం ఎక్కకూడని గడువు అన్నది విమానానికే కాదు, ఎత్తైన ఘాట్ రోడ్డుకూ వర్తిస్తుంది. తెర మీద విమానం బొమ్మ చూసి, మనకు విమానాలెక్కడివి అని నవ్వుకునేవాళ్లు ఎక్కువ. ఆ గడువు అయ్యాకే కొండ ఎక్కమని చెప్పాను.

ఇచ్చేముందు తేదీ, టైము అతని ముందే పెట్టించాను. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) మోడ్ వాడితే ఆక్సిజన్ శాతం 21కి, ఆక్సిజన్ ఒత్తిడి పరిమితి 1.4 బార్‌కు తిరిగి వచ్చి ఉంటుంది, చూసుకోమన్నాను. వాళ్లు వాడేది మామూలు గాలే కాబట్టి దాని ఇబ్బంది లేదు. మొదటి రెండు మూడు డైవ్‌ల తర్వాత వెనక పారదర్శక మూతలోంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసి, చెమ్మ కనిపిస్తే మళ్లీ దిగకుండా తీసుకురమ్మన్నాను.

కొన్నాళ్లకు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి వెనక మూతది, పొడిగా ఉంది, 2450 అన్న అంకెలు కూడా చదవొచ్చు. రెండోది లాగ్‌బుక్ తెర: అదే తేదీ, ట్రాష్ ర్యాక్ దగ్గర రెండో డైవ్, వరుస నంబరు 2. ఆ పక్కనే వాళ్ల జట్టులో ఇంకొకరి మిషన్ ఫొటో పెట్టి, దీనికీ సెల్లు వేస్తావా అని అడిగాడు. అది వెనక మూతే లేని, బాడీ మొత్తం అతికించిన రకం. కంపెనీకి పంపమన్నాను.